అలల కరెంటుకి చోటు వెతికే మా మేనల్లుడికి

చిరంజీవి వంశీకి, మావయ్య ఆశీస్సులు.

అలల నుంచి కరెంటు తీసే ప్లాంటుకి చోటు చూసే పని మీ టీముకి వచ్చిందని, నువ్వు మాదాపూర్‌లో కూర్చుని అలల బలం చూపే మ్యాపులో ఎర్ర రంగు ఎక్కడ ముదిరితే అక్కడ చుక్క పెడుతున్నావని అక్కయ్య చెప్పింది. హైదరాబాద్‌లో ఉండి సముద్రం పని చేయడం వింతేం కాదులే. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్‌లోనే ఉంది. నీ మొదటి పని కూడా అక్కడే. నీళ్ళమీద తేలుతూ అలల్ని కొలిచే బోయ్‌ల రీడింగులు వాళ్ళ దగ్గరుంటాయి, అడుగు. నీ మ్యాపులో ఒక్కో గడి పదుల కిలోమీటర్లు ఉంటుంది. ఒడ్డున కొండ అడ్డమొచ్చిందా, ఇసుక మేట వేసిందా అన్నది దానికి తెలీదు.

అల బలానికి నోటిలెక్క ఒకటి గుర్తుపెట్టుకో. అల ఎత్తుని దానితోనే హెచ్చించి, అలకీ అలకీ మధ్య సెకన్లతో మళ్ళీ హెచ్చించి, సగం చెయ్యి. మీటరు ఎత్తు, 8 సెకన్లు అయితే మీటరు వెడల్పుకి సుమారు 4 కిలోవాట్లు. ఎత్తు 2 మీటర్లైతే 16. లోతు నీళ్ళకి ఇది సరిపోతుంది. చిక్కు కూడా ఇందులోనే ఉంది. తుపాను నాలుగు రోజులు ఉంటే చాలు, ఏడాది సగటు అమాంతం లేచిపోతుంది. ఆ రోజుల్లో మిషను ఆపుకుని ప్రాణం కాపాడుకోవాలే గానీ కరెంటేం తీస్తాం? అందుకని సగటు చూపించి ఎవరు మురిసిపోయినా నమ్మకు, నెలనెలా లెక్క విడగొట్టించు. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు బావుంటాయి, జనవరి, ఫిబ్రవరిలో చప్పబడతాయి. ఆ చప్ప నెలల్లో కూడా టర్బైను తిరిగే చోటు కావాలి నీకు.

తట్టుకోవడం సంగతి వేరే లెక్క. నార్వేలో 1985లో కట్టిన ప్లాంటుని 1988లో తుపాను పట్టుకుపోయింది. మన విశాఖ 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ని చూసింది.

నన్నడిగితే కొత్తగా సముద్రంలోకి దిగొద్దు, ఉన్న బ్రేక్‌వాటర్‌ని, అంటే రేవులోకి అలలు రాకుండా కట్టిన గోడని, వెతుక్కో. కేరళలో విళింజంలో 1991లో మనవాళ్ళు 150 కిలోవాట్ల ప్లాంటు పెట్టింది చేపల రేవు బ్రేక్‌వాటర్ దగ్గరే. స్పెయిన్‌లో ముత్రికు రేవులో 2011 నుంచి గోడలోనే 16 టర్బైన్లు ఉన్నాయి. గోడ ఖర్చు రేవు ఖాతాలో పోతుంది, రిపేరుకి పడవ అక్కర్లేదు, నడిచి వెళ్ళొచ్చు. పైగా కొత్త కట్టడం వేస్తే తీరం వెంట నడిచే ఇసుక ఆగుతుంది, ఒక పక్క మేట, ఇంకో పక్క కోత. విశాఖ రేవు కట్టాక ఆర్కే బీచ్‌కి ఇసుక తవ్వి పోయాల్సి వస్తోంది కదా. గోదావరి, కృష్ణ మొగల జోలికి మాత్రం పోకు. అక్కడ ఒడ్డు దగ్గర లోతుండదు, అడుగున ఒండ్రు, ఒడ్డుకొచ్చేసరికి అల బలం తగ్గిపోతుంది.

జాలర్లతో మాట్లాడకుండా ఏ చోటూ ఖాయం చెయ్యకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. అప్పుడు సర్వేకి వెళ్ళి, సముద్రం ఖాళీగా ఉందని రిపోర్టు రాసేవాళ్ళున్నారు! నిషేధం ఎత్తేశాక, తెల్లారకముందే ఒడ్డుకెళ్ళు. పడవలు ఏ దారిన దిగుతున్నాయో, వలలు ఎక్కడ లాగి ఆరేస్తున్నారో నీ చార్టు మీద పెన్సిల్‌తో గీసుకో. అలలు ఏ నెలలో ఎటునుంచి వస్తాయో వాళ్ళు చెప్పింది కూడా రాసుకుని బోయ్ రీడింగులతో సరిచూడు.

సీఆర్‌జెడ్ అనుమతులు (తీరం దగ్గర కట్టడాలకి కావాల్సినవి), తాబేళ్ళు గుడ్లు పెట్టే తావులు మీ లాయరు చూస్తాడు, నువ్వు టెన్షన్ పడకు. సబ్‌స్టేషన్ ఎంత దూరమో మాత్రం నువ్వే కొలువు.

ఆదివారం లోతుల చార్టు తీసుకుని కూకట్‌పల్లి రా. ఆ చుక్కల్లో ఏవి కొట్టేయాలో కూర్చుని చూద్దాం. అత్తయ్య పులిహోర చేస్తానంటోంది, తిని రాకు.

మీ మావయ్య