జీపీఎస్ అందని చోట డ్రోన్ల గుంపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. నాలుగు చిన్న డ్రోన్లను కాలేజీ ఆడిటోరియంలో కలిసి ఎగిరేలా చేయాలని ప్రాజెక్టు పెట్టుకున్నాం. లోపల జీపీఎస్ రావడం లేదు, టాపిక్ మార్చుకోమని గైడ్ గారు అంటున్నారు. మార్చేయాలా?
- ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మార్చొద్దమ్మా. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి, వాటి సిగ్నల్ మన దాకా వచ్చేసరికి ఎంత నీరసపడిపోతుందంటే ఒక కాంక్రీటు స్లాబు చాలు దాన్ని ఆపేయడానికి. కాబట్టి అది రాదని ముందే ఒప్పేసుకుని ఆలోచన మొదలుపెట్టండి. ఈ డ్రోన్ భూమ్మీద ఎక్కడుందన్నది మీ ప్రాజెక్టుకి అక్కర్లేదు. పక్క డ్రోన్‌కి ఎంత దూరంలో, ఏ వైపున ఉందో తెలిస్తే నాలుగూ కలిసి ఎగురుతాయి.

దూరానికి అల్ట్రా వైడ్ బ్యాండ్ రేడియో మాడ్యూళ్లు వాడండి. ఒక డ్రోన్ చిన్న సందేశం పంపుతుంది, రెండోది జవాబిస్తుంది, రానూపోనూ పట్టిన టైమును బట్టి దూరం లెక్క తేలుతుంది. రేడియో తరంగం ఒక్క నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది కాబట్టి ఇందులో టైము కొలవడమే అసలు పని, అయినా మధ్యలో అడ్డేమీ లేకపోతే దాదాపు 10 సెంటీమీటర్ల తేడాలో చెప్పేస్తాయి. నాలుగు డ్రోన్లంటే ఆరు జతలు, ఆరు దూరాలు. వెనకటి సర్వేయర్లు గొలుసు పట్టుకుని పొలాన్ని త్రిభుజాలుగా కొలిచినట్టే ఈ ఆరు దూరాలతో గుంపు ఆకారం గీసేయొచ్చు. కానీ ఆ ఆకారం ఎటు తిరిగి ఉందో దూరాలు చెప్పవు, కుడి ఎడమలు తారుమారైనా ఆ ఆరు అంకెలూ మారవు. పోనీ కంపాస్ ఉంది కదా అనుకుంటారేమో, స్లాబులో ఇనుము ఉన్న భవనంలో దాన్ని నమ్మకండి.

కదలికల సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకున్నా ఇబ్బందే. అది త్వరణాన్ని కొలుస్తుంది, దాన్నుంచి వేగం, వేగం నుంచి దూరం లెక్క కట్టాలి, ఈ రెండు మెట్లలో చిన్న తప్పు కూడా పెద్దదైపోతుంది. సెకనుకు సెకనుకు 0.01 మీటరు తప్పు ఉందనుకోండి, ఒక్క నిమిషంలో మీ లెక్క 18 మీటర్లు పక్కకు పోతుంది, అంటే డ్రోన్ గోడకి కొట్టుకోవడానికి ఆ నిమిషం కూడా అక్కర్లేదు. అందుకే నేలను చూసే కెమెరా తోడు పెట్టాలి. నున్నటి టైల్స్ మీద కెమెరాకి ఆనవాలు దొరకదు. నేల మీద రంగుల ముగ్గు వేసినా పని జరుగుతుంది, ఏప్రిల్‌ట్యాగ్ అనే నలుపు తెలుపు గళ్ల గుర్తులు ప్రింటు తీసి అతికిస్తే ఇంకా మేలు, వాటిని చూసి డ్రోన్ ఆ హాల్లో తన చోటు, తను తిరిగి ఉన్న దిక్కు రెండూ తెలుసుకుంటుంది.

ఇంకో మాట. సిగ్నల్ తెగితే బయల్దేరిన చోటికి తిరిగొచ్చే సెట్టింగు చాలా డ్రోన్లలో ఉంటుంది కదా, అది మామూలుగా జీపీఎస్ మీదే ఆధారపడుతుంది. హాల్లో దాన్ని తీసేసి, ఉన్నచోటే దిగిపోయేలా మార్చండి. ముందు ఒక్క డ్రోన్ గాల్లో కదలకుండా నిలబడాలి, తర్వాతే రెండోది. రేడియోలన్నీ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు కాబట్టి వంతులు కేటాయించండి. ఈ మాటలు మీ గైడ్ గారికి చూపించండి, ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ప్రశ్న: మాది ఉద్దానం. తిత్లీ తుపానుకి తోట పోయాక మళ్లీ కొబ్బరి, జీడి వేసుకున్నాం. నాలుగైదు డ్రోన్లు చెట్ల కిందికి దూరి ఒక్కో చెట్టునీ చూసొచ్చే రోజు వస్తుందా?
- ఒక రైతు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: వస్తుందండి. చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్లు 2022లో అరచేతిలో పట్టే 10 డ్రోన్లను వెదురు అడవిలోకి పంపారు, జీపీఎస్ సాయం లేకుండానే. ప్రతిదీ తన కెమెరాతో దారి చూసుకుంటూ, తను వెళ్లబోయే దారిని మిగతావాటికి చెబుతూ, కొమ్మలకీ పక్కవాటికీ తగలకుండా వెళ్లాయి. ఇప్పుడు మన పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు చాలావరకు జీపీఎస్ పట్టుకుని పైనుంచి ఎగిరేవే, జీడి కొమ్మల కిందికి వెళ్లే పని వేరు. ఆకులు గాలికి ఊగుతుంటే కదిలింది తనో ఆకో కెమెరాకి తేల్చుకోవడం కష్టం, సాయంత్రం వెలుతురు తగ్గితే మరీను. ఏ చెట్టుకి ఏముందో మీకు పటం మీద కావాలంటే తోట గట్టున జీపీఎస్ అందుతున్నప్పుడే మొదటి గుర్తు పెట్టుకుని లోపలికి వెళ్లాలి.

2018 అక్టోబరులో తిత్లీ వచ్చినట్టు మరో తుపాను వచ్చి సెల్ టవర్లు పడిపోయినా తమలో తాము మాట్లాడుకునే డ్రోన్లకి ఆ టవర్లతో పని ఉండదు, అందుకే ఈ పరిశోధన మన తీరానికి చాలా అవసరమని నేను గట్టిగా అనుకుంటాను. ఈలోగా ఎవరైనా అలాంటివి అమ్ముతామని వస్తే మీ తోటలోనే, చెట్ల కిందే ఎగరేసి చూపించమనండి. చూశాకే డబ్బు మాట.

ప్రశ్న: బయట మైదానంలో ఎగరేయడానికి పర్మిషన్ కావాలా?
- రాజాం నుంచి

జవాబు: డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ పటం, డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. మీ చోటు అందులో గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల లోపు ముందస్తు అనుమతి అక్కర్లేదు. భోగాపురం వైపు వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి.

ప్రశ్న: 2024లో విజయవాడ డ్రోన్ షో టీవీలో చూశాను. వాటిలో నాయకుడు ఉంటాడా? అది పడిపోతే మిగతావి ఏమవుతాయి?
- ఒక రిటైర్డ్ టీచర్, టెక్కలి

జవాబు: మాస్టారూ, అక్కడ 5,500 డ్రోన్లు ఎగిరాయి. అలాంటి షోలలో సాధారణంగా ఏ డ్రోన్ ఏ క్షణాన ఎక్కడుండాలో ముందే కంప్యూటర్లో రాసి పెట్టేస్తారు, ఉపగ్రహాల సాయంతో ప్రతిదీ తన దారిన పోతుంది. పక్కదాని సంగతి దానికి దాదాపు పట్టదు.

నేను పైన చెప్పిన గుంపుల్లో నాయకుణ్ని పెట్టొచ్చు, పెట్టకపోవడమే మంచిది. 1986లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు కంప్యూటర్లో పక్షుల గుంపును మూడే సూత్రాలతో నడిపించాడు: పక్కవాళ్లకి తగలకు, వాళ్లు వెళ్లే వైపే వెళ్లు, గుంపుకి దూరం కాకు. రోమ్ నగరం మీద ఎగిరే స్టార్లింగ్ పిట్టలను గమనించిన శాస్త్రవేత్తలు 2008లో తేల్చిందేమిటంటే, గుంపు ఎంత పెద్దదైనా ఒక్కో పిట్ట ఆరేడు పొరుగు పిట్టలనే పట్టించుకుంటుంది. డ్రోన్లకీ అలా నేర్పితే ఒకటి పడిపోయినా దాని పొరుగువి కొత్త పొరుగును వెతుక్కుని సాగిపోతాయి. గుంపు మధ్యలో తెగి రెండైపోయినప్పుడు మళ్లీ కలపడమే కష్టం, ఎందుకంటే అప్పటికి తామెక్కడున్నామన్న ఒక్కో ముక్క లెక్క ఒక్కో వైపు జరిగిపోయి ఉంటుంది. మళ్లీ ఎదురుపడగానే దూరాలు కొలుచుకుని, ఇద్దరూ చూసిన గుర్తులు పోల్చుకుని రెండు లెక్కలనూ ఒకటి చేసుకోవాలి.