సాహిత్య సందేహాలు: లేడీ బ్రాక్‌నెల్ జాబితా

ఆస్కార్ వైల్డ్ రాసిన ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ నాటకం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో ఒకేచోట జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఈ నాటకంలోని చమత్కారం (విట్), వ్యంగ్యం (ఐరనీ), సాంఘిక అధిక్షేపం (సటైర్) గురించి వ్యాసం రాయవలసి ఉంది. గైడ్లలో ఈ మూడు శీర్షికల కిందా అవే వాక్యాలు ఉదాహరణలుగా కనిపిస్తున్నాయి. వీటిని విడదీసి చూపడం ఎలా? (ఒక విద్యార్థిని)

జవాబు: ఒకే వాక్యాన్ని మూడు శీర్షికల కిందా చూపడం పూర్తిగా తప్పు కాదమ్మా, ఎందుకంటే ఈ నాటకంలో ఒక్క మాటే మూడు పనులూ చేస్తుంది. అయితే ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ అధికారంతో అన్నారన్న సంగతి వదిలేసి వాక్యాన్ని మాత్రమే ఎత్తి రాసుకుంటే చమత్కారం ఒక్కటే చేతికి వస్తుంది, తక్కిన రెండూ రంగస్థలం మీదే ఉండిపోతాయి. అందుచేత వాక్యాల పట్టిక పక్కన పెట్టి, మొదటి అంకంలో లేడీ బ్రాక్‌నెల్ జాక్ వర్దింగ్‌ను పరీక్షించే సన్నివేశాన్ని తీసుకుని వరుసగా చదవండి.

జాక్ పల్లెలో బాధ్యత గల పెద్దమనిషి. లండన్ వచ్చినప్పుడు మాత్రం ఎర్నెస్ట్ అనే దొంగపేరుతో తిరుగుతాడు. నిజాయితీని సూచించే మాటతో ధ్వని కలిసే ఆ పేరున్న మనిషినే పెళ్లాడతానని గ్వెండొలెన్ పట్టుబట్టింది. ఆమె తల్లి లేడీ బ్రాక్‌నెల్ నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని వరుడి యోగ్యత తేల్చడానికి కూర్చుంటుంది. తన దగ్గరున్న అర్హుల జాబితాలో జాక్ పేరు లేదనీ, అదే జాబితా బోల్టన్ డచెస్ దగ్గర కూడా ఉందనీ, తామిద్దరూ కలిసే పనిచేస్తామనీ ముందుగానే చెబుతుంది. ఈ మాటకు పాఠకులు చిన్నగా నవ్వి ముందుకు వెళ్లిపోతారు గాని, నా దృష్టిలో సన్నివేశానికి తాళంచెవి ఇదే. పెళ్లి అనేది రెండు మనసుల వ్యవహారమని బయటికి చెప్పుకునే సంఘంలో, అది గొప్పింటి స్త్రీలు ఉమ్మడిగా నడిపే ఒక కార్యాలయపు పనిలా సాగుతోందని ఆమె కొంచెం కూడా సిగ్గుపడకుండా బయటపెట్టింది.

ఇక ప్రశ్నల వరుస చూడండి. పొగ తాగుతావా అంటే, జాక్ మొహమాటపడుతూ తాగుతానని ఒప్పుకుంటాడు. మగవాడికి ఎప్పుడూ ఏదో ఒక వ్యాపకం ఉండాలంటూ ఆమె సంతోషిస్తుంది. ఇందులో చమత్కారం వాక్యంలోనే ఉంది. వ్యసనాన్ని వృత్తి స్థానంలో కూర్చోబెట్టడమే ఆ చమత్కారం. కాని ఆమె చమత్కరించడానికి ఆ మాట అనలేదు. ఏ పనీ చేయకపోవడమే హోదాకు గుర్తుగా ఉన్న వర్గంలో పుట్టి పెరిగిన మనిషి మనస్ఫూర్తిగా అంటున్న మాట అది. ఆమె గంభీరంగా అనడం, మనకు అది నవ్వుగా వినిపించడం, ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే వ్యంగ్యం. లండన్‌లో ఖాళీగా తిరిగే మగవాళ్లు ఇప్పటికే చాలా ఎక్కువైపోయారని కూడా ఆమె ఆ ఊపులోనే అంటుంది, తన మాట తన వర్గానికే తగులుతోందని గమనించదు. అక్కడ అధిక్షేపం మొదలవుతుంది.

ఆ తరువాత ఆదాయం అడుగుతుంది. ఏటా ఏడెనిమిది వేల పౌండ్లన్న జవాబును పుస్తకంలో రాసుకుంటుంది. లండన్‌లోని బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లో ఇల్లుందంటే నంబరు అడుగుతుంది. 149 అనగానే, అది ఫ్యాషన్ లేని వైపని పెదవి విరుస్తుంది. అయినా దాన్ని సులువుగా మార్చవచ్చునంటుంది. మార్చేది ఫ్యాషన్‌నా, ఆ వైపునా అని జాక్ అడిగితే, అవసరమైతే రెండూనని తేల్చేస్తుంది. తల్లిదండ్రుల ప్రసక్తి చివర్లో వస్తుంది. జాక్ తనకు ఇద్దరూ లేరని, విక్టోరియా స్టేషన్ సామాన్ల గదిలో ఒక చేతిసంచిలో దొరికానని చెప్పగానే, అంతవరకూ సాఫీగా నడిచిన పెళ్లిమాట తెగిపోతుంది. ఒకరిని పోగొట్టుకోవడం దురదృష్టమనుకోవచ్చు గాని ఇద్దరినీ పోగొట్టుకోవడం అజాగ్రత్తలా కనిపిస్తుందన్న ప్రసిద్ధమైన మాట ఇక్కడిదే. అంతటితో ఆగకండి, ఆ తరువాత ఆమె ఇచ్చే సలహా ఇంకా పదునైనది. లండన్ గొప్పింటివాళ్ల విందుల కాలమైన ఈ సీజన్ ముగిసేలోగా తల్లో తండ్రో ఎవరో ఒకరిని ఎలాగైనా సంపాదించి చూపమంటుంది. వంశం రక్తంతో వచ్చేదని నమ్మే వర్గానికి ప్రతినిధిగా కూర్చున్న స్త్రీ, గడువులోగా దాఖలు చేసే కాగితంలా అదీ సమకూర్చుకోదగినదేనని ఒప్పుకున్నదన్నమాట.

వాక్యానికీ సందర్భానికీ మధ్య ఉన్న వ్యంగ్యం కాక, నాటకం మొత్తాన్ని పట్టి ఉంచే వ్యంగ్యం మరొకటి ఉంది. పార్సెల్‌తో వియ్యమందేది లేదని లేడీ బ్రాక్‌నెల్ వెళ్లగొట్టిన ఆ మనిషి, మూడో అంకం చివర తన సొంత సోదరి పెద్దకొడుకే అని తేలుతుంది. అతని అసలు పేరు కూడా ఎర్నెస్టేనని బయటపడుతుంది. అలా జాక్ ఆడిన అబద్ధాలన్నీ నిజాలయ్యాయి. ఇన్నాళ్లూ తెలియకుండా నిజమే చెబుతూ వచ్చానని తెలుసుకోవడం మనిషికి ఎంత ఘోరమో అంటూ అతడు క్షమాపణ కోరతాడు. మీ వ్యాసంలో ఈ ముగింపునూ ఆ పరీక్షా సన్నివేశాన్నీ పక్కపక్కన పెట్టి చర్చిస్తే, గైడ్లు ఇవ్వలేని విషయం మీ చేతికి వస్తుంది.

ప్రశ్న: ఈ నాటకంలో ఏ సిద్ధాంతమూ లేదని, కేవలం నవ్వుల ఆటేనని ఆనాటి విమర్శకులే అన్నారని చదివాను. అటువంటప్పుడు దాన్ని సాంఘిక అధిక్షేపమనడం మనం తరువాత అంటించిన బిరుదు కాదా? (ఒక అధ్యాపకుడు)

జవాబు: మీరు చదివింది నిజమే. విలియం ఆర్చర్ ఈ నాటకాన్ని మెచ్చుకుంటూనే, కళకు గాని నీతికి గాని సంబంధించిన ఏ సూత్రాన్నీ ఎత్తుకోని రచనను విమర్శకుడు ఏం చేసుకోవాలని అడిగాడు. బెర్నార్డ్ షా నవ్వానని ఒప్పుకున్నాడు గాని, హాస్యనాటకం నవ్వించడంతో పాటు మనసును తాకాలన్నది అతని పట్టుదల, ఇది తాకలేదని అతని ఫిర్యాదు. ఇద్దరూ గట్టి విమర్శకులే అయినా, ఉపదేశం కనిపించనిచోట అధిక్షేపం కూడా ఉండదన్న తీర్మానానికి రావడంలో వాళ్లు తొందరపడ్డారని నా అభిప్రాయం. ఈ నాటకంలో తిట్టే పాత్ర ఒక్కటీ లేదు, సంస్కర్త లేడు, చివర్లో శిక్ష పడే దుష్టుడు కూడా లేడు. అందరూ తమ సంఘం నేర్పిన నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తూ పోతుంటారు. అలా పాటించడమే ఆ నియమాలను నవ్వులపాలు చేస్తుంది.

డబ్బు ప్రస్తావనలను పట్టుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. జాక్ ఆదాయం భూముల నుంచి కాక పెట్టుబడుల నుంచి వస్తోందని విని లేడీ బ్రాక్‌నెల్ సంతృప్తిపడుతుంది. భూమి హోదాను ఇస్తుంది గాని ఆ హోదాను నిలబెట్టుకోనివ్వదని ఆమె వాదన. మనిషి బతికుండగా అతని మీద పడే భారాలూ, చచ్చాక వసూలు చేసే పన్నులూ కలిసి భూమిని లాభసాటి కాకుండా చేశాయని కూడా అంటుంది. 1870ల చివరి నుంచి అమెరికా ధాన్యం చౌకగా దిగుమతి కావడంతో ఇంగ్లండులో పంటల ధరలు, వాటితోపాటు కౌళ్లు పడిపోయాయి. నాటకం ప్రదర్శనకు రావడానికి ముందు సంవత్సరం, 1894లో, ఆర్థికమంత్రి విలియం హార్కోర్ట్ వారసత్వ ఆస్తుల మీద కొత్త పన్ను తెచ్చాడు. హాలులోని ధనికులకు అది పచ్చిగాయం. అంతవరకూ చిన్నచూపు చూసిన, జాక్ సంరక్షణలో ఉంటూ తన మేనల్లుడు ఆల్జర్నన్‌ను పెళ్లాడదలచిన సెసిలీకి 1,30,000 పౌండ్లు ప్రభుత్వ ఋణపత్రాల్లో ఉన్నాయని తెలియగానే ఆ పిల్ల చాలా ఆకర్షణీయంగా ఉందని లేడీ బ్రాక్‌నెల్‌కు తోచడం కూడా ఈ లెక్కలో భాగమే. ఆనాటి 2¾ శాతం వడ్డీకి ఆ సొమ్ము మీద ఏటా 3,500 పౌండ్లకు పైగా వస్తుంది, దానికి పంట పండక్కర్లేదు, కౌలుదారును బతిమాలుకోనక్కర్లేదు. తనకు పెళ్లినాటికి చిల్లిగవ్వ ఆస్తి లేదని ఆమె అదే సన్నివేశంలో చెప్పుకుంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఆ గాంభీర్యమంతా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1843 చట్టం ప్రకారం ప్రతి కొత్త నాటకానికీ రాజాస్థానపు అధికారి అయిన లార్డ్ ఛాంబర్లిన్ కార్యాలయం అనుమతి కావలసి ఉండేది. వైల్డ్ రాసిన ‘సలోమె’కు 1892లో ఆ అనుమతి దక్కలేదు. 1895 ఫిబ్రవరి 14న ఈ నాటకం మొదటిసారి ఆడిన సెయింట్ జేమ్స్ థియేటర్ లండన్ గొప్పింటివాళ్లు వచ్చే చోటు. ఎవరిమీద రాశాడో వాళ్లే ముందువరుసల్లో కూర్చుని డబ్బిచ్చి నవ్వారు. అలాంటి హాలులో అధిక్షేపం, నాటకంలో పాత్రలు తినే దోసకాయ శాండ్‌విచ్‌ల చాటున కాక మరెలా వస్తుంది?

ప్రశ్న: రెండో అంకంలో ‘రూపాయి పతనం’ అనే అధ్యాయం చదవవద్దని సెసిలీకి ఆమె గురువు చెబుతుంది. మన రూపాయేనా? ఇందులో హాస్యం ఏముంది? (ఒక పాఠకుడు)

జవాబు: మన రూపాయే. జర్మనీ వంటి దేశాలు నాణెం విలువను బంగారంతో ముడిపెట్టే బంగారు ప్రమాణానికి మారడం, అమెరికా గనుల నుంచి వెండి విరివిగా రావడం వల్ల వెండి ధర పడిపోయింది. వెండి నాణెమైన రూపాయి కూడా దానితోపాటు దిగజారింది. 1870ల తొలినాళ్లలో దాదాపు 23 పెన్నీలు పలికిన రూపాయి, 1892-93లో సుమారు 15 పెన్నీలకు చేరింది. 1893లో భారతదేశపు టంకశాలల్లో ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా కొట్టడం నిలిపివేశారు. రూపాయల్లో జీతం తీసుకుంటూ ఇంగ్లండులోని కుటుంబాలకు డబ్బు పంపే అధికారులకు ఇది పెద్ద దెబ్బ. బ్రిటన్‌కు పౌండ్లలో చెల్లించవలసిన ఖర్చుల కోసం అదనంగా పన్నులు కట్టిన భారతీయులకు అంతకన్నా పెద్ద దెబ్బ.

సెసిలీ గురువు మిస్ ప్రిజమ్ మాత్రం ఆ అధ్యాయం కన్నెపిల్ల చదవడానికి మరీ ఉద్రేకపూరితంగా ఉంటుందంటుంది. లోహాల సమస్యల్లో కూడా మెలోడ్రామా ఉంటుందట! ఆడపిల్లలు నవలలు చదివితే చెడిపోతారని భయపడే సంఘం ఆ భయాన్ని అర్థశాస్త్రం మీదికి మళ్లించడం పైకి కనిపించే హాస్యం. ఒక దేశపు ప్రజల సొమ్ము కరిగిపోయిన ఉదంతం మరో దేశపు తోటలో సెసిలీకి పాఠంగా కూడా పనికిరాకపోవడం, మనం చదివినప్పుడు అదనంగా తగిలే వ్యంగ్యం. వైల్డ్ ఉద్దేశించిన దెబ్బ మొదటిదే కావచ్చు. రెండోదాన్ని అతనికి ఆపాదించకుండా, మన పఠనంగానే రాయడం నిజాయితీ.

ప్రశ్న: మా నాటక సమాజం ఈ నాటకంలోని ఒక అంకం ఆడబోతోంది. నవ్వు రాబట్టాలంటే సంభాషణలు ఎలా పలకాలి? (ఒక దర్శకుడు)

జవాబు: నవ్వు రాబట్టాలన్న ప్రయత్నం నటుల ముఖాల్లో కనిపించకూడదు. తాము తమాషాగా మాట్లాడుతున్నామని ఏ పాత్రకూ తెలియదు, ఆల్జర్నన్‌కు మాత్రం అప్పుడప్పుడు తెలుస్తుందనుకుంటాను. తేనీటి సన్నివేశం ఎంచుకుంటే మంచిది. సెసిలీ, గ్వెండొలెన్ ఒకే ఎర్నెస్ట్ తమ వరుడని పోట్లాడుకోబోయే సమయానికి సేవకుడు మెరిమన్ బల్ల సర్దడానికి వస్తాడు. అతడున్నంతసేపూ ఇద్దరూ మర్యాదగా ఊరి విశేషాలు మాట్లాడుకోవాలి. చక్కెర వద్దన్న గ్వెండొలెన్ కప్పులో సెసిలీ నాలుగు ముక్కలు వేస్తుంది, కేకు వద్దంటే పెద్ద ముక్క కోసి పెడుతుంది. పోట్లాట అంతా పటకారుతోనే జరుగుతుంది కనుక గొంతు పెంచితే సన్నివేశం చచ్చిపోతుంది. మెరిమన్ పాత్రకు మీ సమాజంలో మంచి నటుణ్ని ఇవ్వండి. అతని మాటలు కొన్నే అయినా, ఆ మర్యాద నిలబడేది అతని సమక్షం వల్లనే.

ప్రశ్న: మూడంకాల పాఠం చదవాలా, నాలుగంకాలదా? (మరొక విద్యార్థి)

జవాబు: పరీక్షకు 1899లో అచ్చయిన మూడంకాల పాఠమే. వైల్డ్ మొదట నాలుగంకాలు రాస్తే, నిర్మాత, జాక్ పాత్రధారి అయిన జార్జ్ అలెగ్జాండర్ కుదించమన్నాడు. కుదింపు వల్ల వేగం పెరిగిందన్నది నా అభిప్రాయం, కాని తొలగించిన గ్రిబ్స్‌బీ సన్నివేశాన్ని వెతికి చదవండి. సావోయ్ హోటల్‌లో ఎర్నెస్ట్ పేరిట పేరుకున్న 762 పౌండ్ల 14 షిల్లింగుల 2 పెన్నీల బాకీ కోసం న్యాయవాది గ్రిబ్స్‌బీ, ఎర్నెస్ట్‌నని చెప్పుకుంటూ వచ్చిన ఆల్జర్నన్‌ను హాలోవే జైలుకు తీసుకుపోవడానికి వస్తాడు, ఆ జైలు గాలీ వెలుతురూ బాగుండే చోటని మర్యాదగా నచ్చచెబుతాడు. 1895 ఏప్రిల్‌లో అరెస్టయిన వైల్డ్‌ను విచారణ ఖైదీగా ఉంచింది ఆ హాలోవేలోనే. ఈ పోలికను వ్యాసంలో ఒక్క వాక్యంగా రాయండి, దానిమీద వాదం కట్టవద్దు. సన్నివేశం రాసేనాటికి అతనికి ఆ సంగతి తెలియదు.