ఏ వేళకి ఏ బండి: బయటి తిండి మీద మీ ప్రశ్నలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్‌లో బయట తినడం గురించే. వాటిలో ఐదు ఉత్తరాలకి జవాబు రాస్తున్నాను. పాతికేళ్లుగా ఈ ఊళ్లో తిరిగి తింటున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంతవరకూ ధైర్యంగానే చెబుతాను.

ప్రశ్న: కోచింగ్ కోసం వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నాను. మొన్న రాత్రి పదకొండింటికి ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్ తిన్నాను, రెండు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. ప్లేట్లు సరిగ్గా కడగలేదని ఫ్రెండ్స్ అంటున్నారు. అప్పట్నుంచి బండి అంటేనే టెన్షన్. కానీ హాస్టల్ కూర తినలేక బయటికి రాక తప్పట్లేదు. (ఒక విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, ఒంట్లో ఏం జరిగిందో చూడకుండా ఖాయంగా ఎవరూ చెప్పలేరు గానీ, తిన్న రెండు గంటలకే వాంతులంటే నా అనుమానం ప్లేటు కన్నా అన్నం మీదే. ఈసారి ఆ బండి దగ్గరికి సాయంత్రం ఐదింటికి వెళ్లి చూడు. అప్పటికే పెద్ద బేసిన్ నిండా అన్నం వండి ఆరబోసి ఉంటుంది, పొడిపొడిగా ఉంటేనే ఫ్రైడ్ రైస్‌కి బాగుంటుందని. అదే అన్నం రాత్రి పదకొండు దాకా అలా బయటే ఉంటుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో అవి మళ్లీ పెరిగి విషం వదులుతాయి, ఆ విషం పెద్ద మంట మీద మళ్లీ వేయించినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు చేయించేది అదే. మంట చూసి మనం వేడివేడిగా తింటున్నాం అనుకుంటాం, కానీ అన్నం మాత్రం పొద్దుగూకక ముందుది.

అందుకని నువ్వు బండి మానక్కర్లేదు, వేళ మార్చు. ఫ్రైడ్ రైసే కావాలంటే ఏడింటికి తిను. పదకొండింటికి ఆకలేస్తే అప్పటికప్పుడు చేసేది తిను, ఆమ్లెట్ వేయించుకో, దోసె దొరికితే దోసె. పిండి నీ కళ్లముందే పెనం మీద పడుతుంది, కాలుతుంది, ప్లేట్లోకి వస్తుంది. మధ్యాహ్నం మెస్‌కి వెళితే పన్నెండున్నరకి వెళ్లు, మూడింటికి వద్దు. కర్రీ పాయింట్‌లో కూర కొంటే గిన్నెలోంచి పొగ వస్తోందా లేదా చూడు. వండిన పదార్థం అరవై డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదంటే ఐదు డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, మధ్యలో ఉంటేనే సమస్యలన్నీ. మయొనీజ్ సంగతి కూడా విను. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. మోమోలతో, షవర్మాతో ఇచ్చే ఆ తెల్ల చట్నీ ఎండలో డబ్బాలో ఉంటే ముట్టుకోకు, ఎంత రుచిగా ఉన్నా సరే.

మళ్లీ వాంతులైతే ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండు. ఆగకపోయినా, జ్వరం వచ్చినా, నెత్తురు పడినా డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఇంట్లో చెప్పడానికి మొహమాటపడకు.

ప్రశ్న: అమలాపురం నుంచి అమ్మ వస్తోంది, రెండు రోజులుంటుంది. శాకాహారి. బిర్యానీ ఊరని అందరూ అంటారు కదా, ఆవిడకి ఏం చూపించాలో తెలియట్లేదు. పైగా బండి మీద తినడమంటే ‘ఎవరు చేశారో ఏంటో’ అంటుంది. (కూకట్‌పల్లి నుంచి)

జవాబు: అమ్మగారి మాటలోనే జవాబుంది. ఎవరు చేస్తున్నారో ఆవిడకి కనిపించాలి, అంతే. పొద్దున్నే లేపి చార్మినార్ వైపు తీసుకెళ్లండి. గుల్జార్ హౌజ్, చార్ కమాన్ దగ్గర నగల దుకాణాలింకా షట్టర్లు తీయకముందే గోవింద్ బండి చుట్టూ జనం మూగి ఉంటారు. పెనం మీద వెన్న కరుగుతుంటే దాన్లో ఇడ్లీ ముక్కలు వేసి, కారప్పొడి చల్లి, అట్లకాడతో టకటకా తిరగేస్తారు. అమ్మగారిని పెనానికి దగ్గరగా నిలబెట్టండి, వెనక ఎక్కడో ఉంచి మీరు ప్లేటు తెచ్చివ్వకండి. నేను మా అత్తయ్యని అలాగే తీసుకెళ్లాను. ఆవిడ ఇంటి పొయ్యి తప్ప ఇంకో పొయ్యి నమ్మని మనిషి. పెనం దగ్గర రెండు నిమిషాలు నిలబడి, అబ్బాయి పెనం తుడిచే తీరు చూసి, ‘పనితీరు బాగుంది’ అని తనే అడిగి తిన్నారు.

అక్కణ్నుంచి నడిచి వెళ్లి ఇరానీ చాయ్ తాగించండి. మక్కా మసీదు పక్కన నిమ్రా కేఫ్ ఉంది, చార్మినార్ ఎదురుగా నిలబడి తాగొచ్చు. డికాక్షన్ విడిగా మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు, పాలు విడిగా చిక్కబడేదాకా కాస్తారు, కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అని అడగండి. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినాలి, కాస్త ఉప్పగా కాస్త తియ్యగా ఉంటుంది. అమ్మగారు గుడ్డు కూడా తినకపోతే బేకరీలో ఏదైనా కొనే ముందు అడిగి తీసుకోండి.

సాయంత్రం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి కట్టడం చూడ్డానికే వెళ్లొచ్చు. లోపల పాత ఐస్‌క్రీమ్ దుకాణాల్లో అసలైన పండుతో చేసినవి దొరుకుతాయి. సీతాఫలం కాలంలో వస్తే సీతాఫలం, ఎండాకాలమైతే మామిడి. కాలం కాని పండు అడగొద్దు. మధ్యాహ్నం భోజనం మాత్రం ఇంట్లోనే పెట్టండి, ఆ వయసులో రోజంతా బయట తింటే అలసట.

ప్రశ్న: ఒక రెస్టారెంట్లో 1,400 రూపాయల భోజనానికి 1,617 బిల్లు వేశారు. సర్వీస్ ఛార్జి తీసేయమంటే అది రూల్ అన్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. సర్వీస్ ఛార్జి ఇవ్వడం మీ ఇష్టం. వినియోగదారుల హక్కుల సంస్థ సీసీపీఏ 2022 జులైలోనే దాన్ని బిల్లులో దానంతటదే వేయకూడదంది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మాటే సరైనదని తీర్పిచ్చింది. మీ లెక్క చూస్తే పది శాతం కింద 140 వేసి, ఆ మొత్తం 1,540 మీద ఐదు శాతం జీఎస్టీ 77 కట్టారు. అంటే ఇవ్వక్కర్లేని డబ్బు మీద పన్ను కూడా మీతోనే కట్టించారు. అది తీసేస్తే మీరివ్వాల్సింది 1,470. మర్యాదగా మేనేజర్‌ని పిలిచి తీసేయమనండి, వినకపోతే బిల్లు ఫొటో తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్ ఉండాలి, అది కూడా చెప్పండి. వడ్డించిన పిల్లాడి మీద మాత్రం కోపం చూపించకండి, అతనికి ఇవ్వాలనుకున్నది అతని చేతికే ఇవ్వండి.

ప్రశ్న: మాదాపూర్‌లో ఉద్యోగం, వయసు 24. బండి దగ్గర గానీ హోటల్లో గానీ ఒక్కదాన్నే తినాలంటే అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. ఆకలేసినా పార్సిల్ కట్టించుకుని రూమ్‌కొచ్చి చల్లారిపోయింది తింటున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర ఆగిపోయాను. నాకూ మీ వయసులో అలాగే ఉండేది. ఒకరోజు వానలో చిక్కడపల్లిలో మిర్చి బండి దగ్గర చిక్కుకుపోయాను. మధ్యలో చీల్చి వాము, చింతపండు ముద్ద కూరిన మిరపకాయని ఆవిడ శనగపిండిలో ముంచి నూనెలోకి జార్చింది, సగం వేగాక తీసి కోసి మళ్లీ వేయించింది, ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండి నా చేతిలో పెట్టింది. ఒక్కటి నోట్లో పెట్టుకున్నాక చుట్టూ ఎవరున్నారో చూడాలనే అనిపించలేదు. తర్వాత వారానికోసారి అక్కడికే వెళ్లేదాన్ని. మూడోసారికి ఆవిడ నన్ను చూడగానే ‘కారం తక్కువ కదమ్మా’ అనేది.

మీరూ అలా ఒక్క చోటు ఎంచుకోండి. పది చోట్ల కొత్తగా ఉండటం కన్నా ఒక చోట తెలిసినవాళ్లుగా ఉండటం తేలిక. ఆడవాళ్లు నడిపే టిఫిన్ బండి అయితే మరీ మంచిది. పొద్దున ఎనిమిదింటికి వెళ్లండి, ఆఫీసు తొందరలో ఎవరి ప్లేటు వాళ్లదే. ఎవరైనా నిజంగా ఇబ్బంది పెడితే అక్కడ ఉండకండి, అది మీ బెరుకు కాదు, వాళ్ల తప్పు. పార్సిల్ మాత్రం మానండి, వేడి దోసెని కవర్లో పెట్టిన ఐదో నిమిషానికి అది దోసె కాదు.

ప్రశ్న: మా నాన్న మూసాపేటలో ఇడ్లీ బండి నడుపుతారు. మా చట్నీ, మా నీళ్లు శుభ్రమే. కానీ కొత్తవాళ్లు ఆగి, చూసి వెళ్లిపోతారు. ఏం చేస్తే నమ్ముతారు? (ఇంటర్ చదువుతున్న అమ్మాయి)

జవాబు: అమ్మా, ఇన్ని ఉత్తరాల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది నీదే. చిన్న బండికి పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చాలు, ఆన్‌లైన్‌లో నువ్వే చేయగలవు. వచ్చిన సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి బండి ముందు కట్టు. మున్సిపాలిటీ వాళ్ల వీధి వ్యాపారి గుర్తింపు కార్డు నాన్నకి ఉందో లేదో కనుక్కో, 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఇస్తారు, బండి తీసేయమని ఎవరైనా వస్తే చూపించడానికి పనికొస్తుంది. వడలు న్యూస్‌పేపర్లో ఇస్తుంటే ఇవాళే ఆపించు, వేడి నూనెకి సిరా అంటుకుంటుంది, అలా ఇవ్వడం చట్టప్రకారం కూడా కుదరదు. విస్తరాకు ముక్క చాలు.

ఇడ్లీ పాత్రని బండికి వెనకవైపు పెట్టి ఉంటే రోడ్డువైపుకి తిప్పమను. మూత తీసినప్పుడు ఆవిరి రోడ్డు మీదికి రావాలి. చట్నీ ఒకేసారి రుబ్బి బకెట్‌లో ఉంచకుండా రెండు దఫాలుగా తెమ్మను, దాని మీద మూత ఉండాలి. నీళ్ల క్యాన్ జనానికి కనిపించే చోట పెట్టండి.

బండి ఏ సందులో ఉంటుందో, మొదటి వాయి ఎన్నింటికి దిగుతుందో మళ్లీ ఉత్తరం రాయి. నేను వస్తాను.