టేకు టేబుల్ టాప్ ఎండాకాలంలో నడిమికి చీలింది, పుట్టీ పెట్టొచ్చా?

మీరు అడిగింది: ఇంట్లోనే చేసుకున్న టేకు డైనింగ్ టేబుల్, టాప్ 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. వానాకాలంలో ఫ్రేమ్‌కి స్క్రూలు బిగించారు. ఏప్రిల్‌కల్లా నడుమ 3 మి.మీ. సందు వచ్చింది.

పుట్టీ పెట్టకండి. వానలు పడగానే టాప్ మళ్లీ ఉబ్బుతుంది. సందులో గట్టిపడ్డ పుట్టీ ఉంటే చెక్క దాన్ని ఒత్తుకుని, అంచుల్లో నార నలిగిపోతుంది. వచ్చే ఎండాకాలానికి సందు ఇంకా పెద్దదవుతుంది.

తప్పు మీ అతుకులో కాకపోవచ్చు, బిగించిన తీరులో ఉంది. కలప పొడవునా దాదాపు కదలదు, వెడల్పునా కదులుతుంది. టేకు నెమ్మదస్తురాలే, అయినా ముఖం మీద కొండల్లాంటి గీతలు కనిపించే మామూలు కోత పలకల్లో తేమ 12 శాతం నుంచి 8కి పడితే రెండున్నర అడుగుల టాప్ ఐదారు మి.మీ. కుంచించుకుంటుంది. నిలువు గీతలు కనిపించే కోత పలకలైతే అందులో సగమే. రెండు పక్కలా స్క్రూలు పట్టుకుని ఉంటే ఆ ఐదారు మి.మీ. ఎక్కడో ఒకచోట తెగాలి, మీకు నడిమి అతుకు దగ్గర తెగింది.

ముందు స్క్రూలన్నీ తీసి టాప్‌ని నీడలో, కింద బద్దలు పెట్టి, రెండు వైపులా గాలి ఆడేలా రెండు వారాలు వదిలేయండి. సందు దానంతట అదే మూసుకుపోయినా, పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు కాబట్టి అతుకు విప్పక తప్పదు. ఆ గీత మీదే రంపంతో కోసేయండి. వెడల్పు నాలుగైదు మి.మీ. పోతుంది, పర్లేదు.

ఇప్పుడు అంచులు. ఈ పనంతటిలో ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. రెండు సగాలనూ పుస్తకం మూసినట్టు పైముఖాలు కలిపి వైస్‌లో బిగించి, రెండు అంచులనూ ఒకేసారి చిత్రిక పట్టండి. చిత్రిక కాస్త పక్కకు వాలినా, తెరిచి కలిపినప్పుడు ఒకదాని వాలు ఇంకోదాన్ని సరిచేస్తుంది. దీనికి చిత్రిక బ్లేడు రెండు మందాలకంటే వెడల్పుగా ఉండాలి, లేకపోతే విడివిడిగా పట్టి మూలమట్టంతో చూసుకోండి. చివరగా నడుమ అర మి.మీ. పల్లం ఉంచండి. కొసలు తొందరగా ఆరి విచ్చుకునే చోటు కాబట్టి, క్లాంపు బిగించాక అక్కడ ఒత్తిడి ఎక్కువ పడాలి. క్లాంపు లేకుండా కలిపి వెలుతురుకి ఎత్తి చూడండి. నడుమ వెలుతురు సన్నగా కనిపిస్తే సరే, కొసల్లో కనిపించకూడదు.

టేకులో నూనె ఉంటుంది. చిత్రిక పట్టిన రోజే అతికించండి, జిగురు పూసే ముందు అంచులను అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వండి. చాలామంది ఇది వదిలేసి ఫెవికాల్‌ని తిడతారు. జిగురు రెండు అంచులకీ పలుచగా పూయండి. క్లాంపులు అడుగుకొకటి, ఒకటి పైన ఒకటి కింద, లేకపోతే టాప్ విల్లులా వంగుతుంది. జిగురు సన్నని ముత్యాల్లా బయటికి వస్తే చాలు. అంచులు సరిపడక బలంగా బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. క్లాంపులు లేకపోతే గట్టి బల్లకి రెండు బద్దలు కొట్టి, నడుమ ఏటవాలు ముక్కలు జతగా దూర్చి కొట్టినా పనవుతుంది. ఒక రోజు కదపకండి.

ఫ్రేమ్‌కి మాత్రం ఈసారి స్క్రూలు నేరుగా వద్దు. ఫ్రేమ్ పట్టీల లోపలివైపు 14 మి.మీ. లోతు గాడి తీసి, ఒక అంచున 12 మి.మీ. నాలుక ఉన్న చిన్న చెక్క బిళ్ళలు చేయండి. నాలుక గాడిలో, బిళ్ళ మీద స్క్రూ టాప్‌లోకి. నాలుక గాడి పైఅంచుకి ఆనినప్పుడు బిళ్ళకీ టాప్‌కీ మధ్య 1 మి.మీ. సందు ఉండేలా తీస్తేనే, స్క్రూ బిగించాక బిళ్ళ టాప్‌ని కిందికి లాగుతుంది. ఎండాకాలంలో బిగిస్తే, పొడవు పట్టీల దగ్గర బిళ్ళకీ పట్టీకీ మధ్య 4 మి.మీ. వదలండి, వానలకు టాప్ ఉబ్బుతుంది. వానాకాలంలో అయితే బిళ్ళని పట్టీకి దాదాపు ఆనించండి, తర్వాత అది వెనక్కి వస్తుంది. పొట్టి పట్టీల నడుమ మాత్రం ఒక్కో స్క్రూ నేరుగా వేయండి, టాప్ రెండు వైపులా సమానంగా కదులుతుంది.

పాలిష్ పైన ఎన్ని కోట్లు వేస్తే కిందా అన్నే వేయండి, కొసల్లో ఒకటి ఎక్కువ. కింద వదిలేస్తే ఆ ముఖం ఒక్కటే తేమ పీల్చి టాప్ దొన్నెలా వంగుతుంది. పాత స్క్రూ రంధ్రాల్లో కొత్త స్క్రూ పడబోతే, వాటిని టేకు చీలలతో అతికి పూడ్చి ఆరాకే కొత్తవి వేయండి.