మామ్మ ఓటు లెక్కలోకి వచ్చిందా?

ప్రశ్న: ఎడిటర్ గారూ, మా మామ్మకి 88 ఏళ్లు, 2024లో ఇంటికే వచ్చి పోస్టల్ బ్యాలెట్ మీద ఓటేయించుకున్నారు. అప్పుడే పక్కన ఆంధ్రాలో పోస్టల్ ఓట్ల మీద సంతకం, సీలు అని కోర్టుల దాకా గొడవైంది కదండీ, మామ్మ లాంటి వాళ్ల ఓట్లూ అలా కొట్టేస్తారా? మెజారిటీ పదుల్లో ఉంటే కొట్టేసినవి మళ్లీ చూస్తారా?
– ఓ పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆంధ్రాలో తగువు ఫారం 13ఎ గురించమ్మా. అంటే ఓటుతో పాటు పెట్టే డిక్లరేషన్. దాని మీద ఆఫీసరు సంతకం ఉండి పేరు, సీలు లేకపోయినా చెల్లుతుందని ఎలక్షన్ కమిషన్ అందని వైఎస్సార్‌సీపీ హైకోర్టుకెళ్తే ఎన్నికల పిటిషన్, అంటే ఎన్నికని సవాలు చేసే కేసు, వేసుకోమన్నారు, సుప్రీంకోర్టూ కల్పించుకోలేదు. అసలు సంతకమే లేకపోతే, లేదా డిక్లరేషన్ బయటి కవర్లో కాకుండా బ్యాలెట్‌తో పాటు లోపలి కవర్లోకి పోతే, ఆ లోపలి కవరు తెరవకుండానే ఓటు కొట్టేస్తారు. ఎనభై ఐదు దాటినవాళ్లకి ఇంటి దగ్గర ఓటు ఇచ్చిందే వాళ్లు నడవలేరని, అలాంటి ఓటు ఒక్క కాగితం తప్పు కవర్లో పడి పోతే నాకు నిజంగా బాధేస్తది, అందుకే సిబ్బంది కవర్లు అంటించేటప్పుడు ఇంట్లోవాళ్లు ఫారం ఏ కవర్లో పెడుతున్నారో అడిగి చూసుకోండి, ఓటు ఎవరికేశారో మాత్రం చూడకూడదు.

ఇక మళ్లీ చూడటం. గెలిచిన తేడా కంటే కొట్టేసిన పోస్టల్ ఓట్లు ఎక్కువుంటే వాటన్నిటినీ రిజల్ట్ ప్రకటించకముందే తప్పనిసరిగా మళ్లీ పరిశీలించాలి, ఎలక్షన్ కమిషన్ రూలే అది. 2024లో ముంబై నార్త్ వెస్ట్‌లో తేడా 48, కొట్టేసిన 111 ఓట్లనీ మళ్లీ చూశారు. గుజరాత్‌లోని ధోల్కాలో 2017లో తేడా 327, పక్కన పెట్టింది 429! హైకోర్టు 2020లో ఆ ఎన్నికే రద్దు చేసింది, తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ప్రశ్న: రిజల్ట్ చెప్పేశాక రీకౌంటింగ్ అడగొచ్చా?
– ఓ పాఠకుడు, గుణుపురం

జవాబు: కుదరదండి. మొత్తం లెక్క చదివాక, గెలుపు ప్రకటించకముందే అభ్యర్థి గానీ ఏజెంట్ గానీ కారణాలు రాసి రిటర్నింగ్ ఆఫీసరుకి ఇవ్వాలి, ఆయన ఒప్పుకున్నా కాదన్నా కారణం రాతపూర్వకంగా చెప్పాలి. తేడా తక్కువ అన్న ఒక్క మాటతో రీకౌంటింగ్ ఇచ్చి తీరాలని లేదు, కాబట్టి ఏ టేబుల్, ఏ రౌండ్, ఏ అంకె తేడా అన్నది ఏజెంట్లు అప్పటికప్పుడే రాసుకోవాలి. ప్రకటించేశాక మిగిలేది కటక్‌లో మన ఒడిశా హైకోర్టు, అదీ 45 రోజుల్లోపే పిటిషన్ పడాలి.