పాత ఎలక్ట్రిక్ ఆర్గన్‌లో కెపాసిటర్లన్నీ మార్చాలా?

తాతగారి ట్రాన్సిస్టర్ ఆర్గన్ ఆన్ చేయగానే గుయ్యిమంటోందని, కెపాసిటర్లన్నీ (ఛార్జ్ నిల్వ చేసే చిన్న భాగాలు) మార్చేయాలా అని అడిగారు. అన్నీ వద్దు. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ రకం కెపాసిటర్‌లను మాత్రం కళ్లు మూసుకుని మార్చండి. వాటిలోని ద్రవం ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని లెక్క. గుంటూరు ఎండల్లో, కిటికీలు మూసిన గదిలో పెట్టిన ఆర్గన్ సంగతి ఇక చెప్పాలా!

మా చర్చి ఆర్గన్‌కు ఇదే జబ్బు. క్రిస్మస్ పాటల సాధన మొదలైంది. వాల్యూమ్ సున్నాకు తగ్గించినా హోరు ఆగదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక మిగిలే హోరు 100 హెర్ట్జ్. అది సరిగ్గా కింది జి స్వరం పక్కనే పడుతుంది. జి శ్రుతిలో పాడితే హోరు పాటలో కలిసిపోయేది, ఎఫ్‌లో పాడితే పళ్లు జివ్వుమనేవి. మా క్వయర్ మాస్టారు యంత్రాన్ని బాగు చేయించడం మాని, పాటలన్నీ జి శ్రుతికి మార్చమన్నారు! పై స్వరాలు అందక ఆడపిల్లలు గొంతులు చించుకున్నారు.

చివరికి వెనక పలక నేనే విప్పాను. పవర్ సప్లై కెపాసిటర్లు మార్చగానే హోరు పోయింది. కానీ అంతకుముందు ఎవరో మెకానిక్, నాదాన్ని తీర్చిదిద్దే టోన్ బోర్డులో చక్కగా ఉన్న పాలిస్టర్ కెపాసిటర్లను పీకి, చేతికందిన చిన్న విలువలవి వేసి వెళ్లాడు. వాటి పనే స్వరానికి పదును తెచ్చే పై హార్మోనిక్‌లను వడకట్టడం. విలువ తగ్గేసరికి ఫ్లూట్ స్టాప్ (వేణువు నాదమిచ్చే మీట) నొక్కితే నాదస్వరం పలికేది. అసలు విలువలు వెతికి పట్టుకోవడమే పెద్ద పని అయింది.

"అన్నీ మార్చండి" అనే అమెరికా వీడియోలు ఎక్కువగా పాత హామండ్ కంపెనీ ఆర్గన్‌ల గురించినవి. 1960ల మధ్య వరకు వాటి టోన్ జెనరేటర్లలో మైనపు కెపాసిటర్లు ఉండేవి, వాటి విలువ కాలంతో మారిపోతుంది. మీ తాతగారి ట్రాన్సిస్టర్ ఆర్గన్‌కు ఆ వైద్యం దేనికి?

మైక్రోఫారడ్లు (కెపాసిటర్ విలువ) పాతవాటికి సమానంగా, వోల్టేజీ సమానంగా లేదా కాస్త ఎక్కువగా, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం తీసుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే పేలొచ్చు. ప్లగ్ తీశాక కూడా రెసిస్టర్ పెట్టి ఛార్జ్ దింపాకే చెయ్యి పెట్టండి. ట్రాన్సిస్టర్లకు ముందటి గాజు వాల్వుల ఆర్గన్ అయితే మూడు వందల వోల్టులకు పైనే ఉండొచ్చు, తెలిసినవారికి ఇవ్వండి.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. విజయవాడలో ఒక దుకాణంలో దుమ్ము పట్టిన సరుకు చూపించి "వాడనిదే కదండీ" అన్నారు. ఏళ్ల తరబడి అరలో కూర్చున్న ఎలక్ట్రోలిటిక్ కూడా ముసలిదవుతుంది. ఇక మరమ్మతు మాట ఎత్తితే చాలు, "రిథమ్ వాయించే కొత్త కీబోర్డు కొనుక్కోండి" అనే సలహాదారులు ప్రతి చర్చిలోనూ ఉంటారు. ఆ రిథమ్ వల్లే మన పాటలన్నీ పెళ్లి బ్యాండులా తయారయ్యాయి.