స్కూల్‌కి పోవాలంటేనే ఏడుపొస్తోంది

నా వయసు 38. హనుమకొండలో ఒక ప్రైవేట్ స్కూల్లో పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పిల్లలంటే ప్రాణం పెట్టేదాన్ని. ఈ ఏడాది పొద్దున్నే స్కూల్ బస్సు హారన్ వింటే కడుపులో తిప్పుతోంది. ఒంటిపూట బడులు మొదలైనా ఇంటికి పోయేది లేదు, మధ్యాహ్నం ఎండలో పాంప్లెట్లు పట్టుకుని అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. రాత్రి పదకొండుకి కూడా పేరెంట్స్ గ్రూపులో మెసేజ్‌లు. మొన్న నాలుగో తరగతి బాబు ఎక్కం తప్పు చెప్పాడని స్కేలుతో కొట్టాను. చెయ్యి కమిలింది. మావారేమో 'సెలవులుండే ఉద్యోగం, నీకేం టెన్షన్' అంటారు. ఇంటికొచ్చాక మా పాప హోంవర్క్ కూడా నాదే. రాజీనామా లెటర్ రాసి బ్యాగులో పెట్టుకున్నాను.
– ఒక సోదరి, హనుమకొండ

లెటర్ కొన్నాళ్లు బ్యాగులోనే ఉండనివ్వండి. ముందు ఆ బాబు సంగతి. పిల్లల్ని కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. మీరు ఎంత అలసిపోయారో వాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అందరి ముందు కొట్టారు కాబట్టి అందరి ముందే సారీ చెప్పండి. వాళ్లమ్మకు మీరే ఫోన్ చేయండి. చులకనైపోతానేమోనని వెనకాడకండి.

మీ పరిస్థితి చూస్తే బర్నవుట్ లాగే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనదు, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంటుంది. సత్తువ అడుగంటడం, పనిమీద మనసు విరగడం, ఏదీ సరిగా చేయలేకపోతున్నానని అనిపించడం దాని గుర్తులు. అయితే థైరాయిడ్, రక్తహీనత ఉన్నా ఇలాగే నీరసం, చిరాకు వస్తాయి. రక్తపరీక్ష చేయించుకోండి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, నిద్ర లేకపోయినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాఠం చెప్పడం భారంగా ఉందని ఎక్కడా లేదు. ఉన్నదంతా పాంప్లెట్లు, మెసేజ్‌లు. అంటే వదిలించుకోవాల్సింది వేరే ఉంది, మీరు వదిలేయాలనుకుంటున్నది వేరే.

జూన్‌లో బడులు తెరిచేలోపే అడగండి. అన్నీ ఒకేసారి వద్దు. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపులో జవాబివ్వను అన్నది మొదటిది, అడ్మిషన్ల తిరుగుడు ఎండ తగ్గాకే అన్నది రెండోది. ఒంటరిగా వెళితే 'నీ ఒక్కదానికేనా' అంటారు, తోటి టీచర్లు ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకోండి. బడులు తెరిచే వేళ మంచి లెక్కల టీచర్‌ని వెతుక్కోవడం ఎంత కష్టమో మీ కరస్పాండెంట్‌కీ తెలుసు. ఈ నెలల్లో మీ మాటకున్న బలం ఆగస్టులో ఉండదు.

మీవారికి టెన్షన్ గురించి ఎంత చెప్పినా వాదనే అవుతుంది. పాప హోంవర్క్ ఇకనుంచి మీరు చూడండని ఆయనతో చెప్పేయండి. రోజంతా టీచర్‌గా ఉండి ఇంటికొచ్చాక మళ్లీ టీచరే అయితే తేరుకునేదెప్పుడు? నాలుగు రోజులు తప్పులతడకగా చేయిస్తారు, చేయించనివ్వండి.

ఇవన్నీ చేశాక దసరా సెలవుల్లో కూడా మనసు మారకపోతే నిక్షేపంగా మానేయండి. కాకపోతే చేరేటప్పుడు స్కూల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే, అవి చేతికొచ్చాకే లెటర్ బయటికి తీయండి.